పక్క మేకు

ఆమెను చంపింది బిళ్ళల బోర్డు దగ్గర కూర్చునే ముసలాయన. అందులో అనుమానం లేదు.

బొగ్గు గనిలోకి దిగేవాళ్ళు ఎవరి నంబరు ఇత్తడి బిళ్ళను వాళ్ళు మేకు నుంచి తీసి జేబులో వేసుకోవాలి. పైకొచ్చాక తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. గని కప్పు కూలిన రోజు ఐదు మేకులు ఖాళీ. ఐదు శవాలు తీసి తవ్వకం ఆపేశారు.

"లోపల పంపు దగ్గర నా భార్య ఉందయ్యా" అని అతను నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"బిళ్ళ మేకుకే ఉంది కదా, ఊళ్ళో వెతుక్కో" అన్నాడు మేనేజరు.

మూడో రోజు మళ్ళీ తవ్వితే దొరికింది. ఒళ్ళింకా వెచ్చగానే ఉందని మోసినవాళ్ళు చెప్పారు.

పదిహేను రోజుల తర్వాత ఇవాళే అతను మళ్ళీ పనిలోకి దిగాడు. షిఫ్టు అయ్యాక మొదటి లిఫ్టులో పైకొచ్చి, నేరుగా వెళ్ళి ముసలాయన కాలరు పట్టుకున్నాడు.

"ఎవడు తగిలించాడు దాని బిళ్ళ? చెప్పు!"

"నేనే అనుకో నాయనా. వదిలెయ్."

"అనుకోవడమేంటి? ఇన్నాళ్ళూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఇప్పుడు అనుకోమంటావా?"

వెనకున్న బావమరిది అతని చెయ్యి పట్టుకున్నాడు. "బావా, పెద్దాయన. నువ్విచ్చిన ఫిర్యాదు కాగితంతో రేపట్నుంచి ఆయనకు ఉద్యోగం కూడా లేదు. ఇంకేం కావాలి నీకు?"

"మీ అక్క కావాలి. తెచ్చిస్తావా?"

బావమరిది చెయ్యి తీసేశాడు.

"బిళ్ళ తగిలించి తన్నుకోండి అన్నా" అన్నారెవరో వరుసలోంచి. "బోర్డు లెక్కన నువ్వింకా గనిలోనే ఉన్నావు. మేం ఇళ్ళకు పోవద్దా?"

కాలరు వదిలి, విసురుగా తన బిళ్ళ తగిలించాడు. ఆమె మేకు పక్కనే. చెయ్యి దానంతటదే మళ్ళీ జేబులోకి పోయింది. వేళ్ళు రెండో బిళ్ళ కోసం వెతికాయి.

ఆమె ఎప్పుడూ ఆఖరి లిఫ్టులో వచ్చేది. అలసిపోయి మళ్ళీ వరుసలో నిలబడటం ఎందుకని, లోపలే ఆమె బిళ్ళ అడిగి తీసుకుని, పైకి రాగానే రెండూ తనే తగిలించేవాడు. రోజూ.

ముసలాయన తల దించుకున్నాడు.

"ఈ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తొద్దు" అన్నాడతను బావమరిదితో, ఎవరూ ఏమీ అనకపోయినా.