నాలుగు పాటల ప్లేటు

“మళ్లీ ఉరికారు!” రఘుపతి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

నల్లగొండ సినిమా హాల్లో గోడలకు పరుపులు కట్టి పొద్దుటి నుంచి రికార్డింగ్ చేస్తున్నారు. మోత్కూరు నేతగాళ్లు సిద్దయ్య, దశరథం జంటగా పాడే చిందు పాటలతో గ్రామఫోన్ ప్లేటు. వింటే కాళ్లు ఆగకూడదన్నది కంపెనీ మాట. రఘుపతి చేతికిచ్చిన మొదటి ప్లేటు ఇది. చెడితే ఉద్యోగం ఉండదు. మ్యాట్నీకి హాలు ఖాళీ చెయ్యాలి. ఇంకా గంటే ఉంది.

మైకు భయంతో ఇద్దరూ వేగం పెంచుతున్నారు. వాళ్ల వెంట డోలక్ కూడా పరుగెత్తుతోంది.

“మేం మగ్గం మోతకు పాడెటోళ్లం సార్,” అన్నాడు సిద్దయ్య. “బయట నా పెండ్లాం రాజమణి కూసున్నది. జర తోలుకొస్త.”

“ఇక్కడ మగ్గమెక్కడిది?”

“గామె కాళ్లు సాలు.”

దశరథం నవ్వాడు. “మా వదినె తొక్కుడు పట్టిందంటే పక్కన పిడుగు పడ్డా ఆగదు.”

రాజమణి వచ్చి బల్ల మీద కూర్చుంది. భర్త చెయ్యెత్తగానే కింద పరిచిన చెక్కను తొక్కడం మొదలుపెట్టింది. మొదటి చరణంలో ఇద్దరూ మళ్లీ ఉరికారు. ఆమె ఉరకలేదు. ఎవరి తొందరా ఆమెను అంటలేదు. పాటే సిగ్గుపడి వెనక్కి వచ్చి ఆమె కాళ్ల దగ్గర నిలబడింది.

నాలుగు పాటలూ ఒక్క ఊపులో అయిపోయాయి.

“చాలమ్మా, ఆపండి!”

ఆమె ఆపలేదు. సిద్దయ్య వెళ్లి భుజం తట్టాక ఆపింది.

పొగరు, అనుకున్నాడు రఘుపతి. ఆ పొగరే ఇవాళ తనను నిలబెట్టిందనుకోగానే కళ్లు చెమర్చాయి. టేపు వెనక్కి తిప్పుతూ, “మీ మేలు మరిచిపోనమ్మా,” అన్నాడు.

ఆమె ఇటు తిరగనైనా లేదు. ఇంతసేపూ బయట కూర్చోబెట్టినందుకు కోపమేమో.

“ప్లేటు మీద ఆమె పేరు కూడా వేయిస్తాను,” అన్నాడు సిద్దయ్యతో.

టేపు మోగింది. డోలక్ ఆయన కూడా లేచి చిందేశాడు. రాజమణి మాత్రం అందరి కాళ్ల వంకా చూస్తూ నిలబడింది.

“నచ్చలేదా ఆమెకు?”

సిద్దయ్య ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె అరచేతిని తీసుకుని స్పీకరు పెట్టె మీద ఆనించాడు. ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు విచ్చుకున్నాయి. మడమ మెల్లగా లయ పట్టింది.

“ఇప్పుడు ఇంటాంది సార్.”

“ఇందాక వినలేదా?”

“గామెకు పుట్టుచెవుడు.”