నిప్పడిగిన మనిషి

"పొయ్యిలో చిల్లపెంకు పెట్టమని ఎవరు చెప్పినారే నీకు?"

అత్త అళగమ్మాళ్ అరుపుకు కాళీశ్వరి చేతిలోని గరిటె జారి కిందపడింది. కోడలిగా కోవిల్‌పట్టికి వచ్చిన ఈ నాలుగు నెలల్లో అత్త ఇంతగా గొంతెత్తడం ఇదే మొదలు. అదీ ఒక పెంకుముక్క కోసం.

"పెంకు ఎత్తు పెడితే కట్టెల కింద గాలాడతాదత్తా. పొగ రాదు. చూడండి, మూడు కట్టెలతోనే సంగటి ఉడికిపోయినాది. ముందరైతే ఒక మోపు పత్తికట్టె చాలేది కాదు."

"నీ లెక్కలు నాకు చెప్పొద్దు. గమ్మునుండు!"

అళగమ్మాళ్ వంగి పొయ్యిలోకి చూసింది. పెంకు మీద రెండు సన్నకట్టెలు, వాటికి అడ్డంగా ఇంకొకటి. పొయ్యి నోటి దగ్గర బూడిదను గట్టులా తోసి ఉంది. ఎండు పత్తికట్టెంతా నిప్పురవ్వ అందనంత దూరంలో గోడవార పేర్చి ఉంది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఏమయ్యా, ఇట్లా రాండి. వచ్చి మీరే చూడండి."

వాన పడితే రేగడిలో అడుగు దిగబడుతుంది గనుక మామ చెల్లసామి ఆ రోజు పొలానికి పోలేదు. వచ్చి పొయ్యి చూశాడు. గోడకానుకుని మెల్లగా కూలబడ్డాడు.

"ఈ తీరున కట్టె పేర్చేది ఈ ఇంట్లో ఒకతే," అన్నాడు.

"ఎవరు మామా?"

"చిన్నతాయి."

కాళీశ్వరి ఆ పేరు ఒకే ఒకసారి విన్నది. భర్త పెరుమాళ్సామికి ఒక చెల్లెలు ఉండేదనీ, పోయి ఆరేళ్లయిందనీ పెళ్లిలో ఎవరో అన్నారు. విరుదునగర్ పత్తి గిడ్డంగి నుంచి వారానికోసారి వచ్చే భర్తను అడిగితే మాట మార్చేశాడు.

"ఎవరు నేర్పినారో చెప్పు పిల్లా," అంది అత్త. ఈసారి గొంతు లేవలేదు.

"మధ్యాహ్నం మీరు కునుకు తీసేటప్పుడు ఒకామె పెరటి తలుపు దగ్గరికి నిప్పడగను వస్తాది. వారమైనాది. పిడక మీద రెండు కణికలు పెట్టిస్తాను. గడప బయటే నిలబడి చెప్తాది. కట్టె కూరకూడదు, కొంచెం కొంచెంగా జరపాల. కుండ దించినాక కట్టె బయటికి లాగి బూడిదలో గుచ్చాల. కొంగు నడుములో దోపుకో వదినా, అని..."

"వదినా అన్నాదా?"

"ఆ."

"లోపలికి వచ్చినాదా?"

"రమ్మన్నాను. నేను ఈ గడప దాటకూడదు అన్నాది."

"ఎడమచేతి మణికట్టు మీద..."

"కాలిన మచ్చ," అంది కాళీశ్వరి.

అళగమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎక్కడుంటానన్నాది?" చెల్లసామి అడిగాడు.

"రైలుకట్టకు ఆ పక్క."

అనేశాక గానీ కాళీశ్వరికి తట్టలేదు. రైలుకట్టకు ఆ పక్క తనకు తెలిసింది ఒక్కటే. ఊళ్లో ఎవరు పోయినా పాడె ఆ కట్ట దాటే పోతుంది. పెరట్లో నిలబడితే కాటిపొగ కనిపిస్తుంది.

తెలియకుండానే ఆమె చేయి పొట్టమీదికి పోయింది. మూడో నెల. నిన్న పిడక అందిస్తుంటే ఆమె వేళ్లు తన వేళ్లకు తగిలాయి. చల్లగా ఉన్నాయి. వానలో తడిసి వచ్చింది కదా అనుకుంది.

అళగమ్మాళ్ చెంబెడు నీళ్లు తెచ్చి పొయ్యిలో గుమ్మరించింది. బుస్సుమని బూడిద లేచింది. వేడిమట్టి టప్పుమని చీలింది.

మధ్యాహ్నమైంది. వాన సన్నబడింది. ఎవరూ కునుకు తీయలేదు. గడియ వేసిన పెరటి తలుపును ఎవరో వేలితో తట్టారు.

"వదినా, నిప్పుందా?"

ముగ్గురిలో ఒక్కరూ కదల్లేదు.

"ఈ రోజు పొగే కానరాలేదే మీ ఇంట్లో. అమ్మకు మోకాళ్లు మళ్లీ పట్టుకున్నాయా ఏమి?"

అళగమ్మాళ్ తలుపు వైపు ఒక అడుగు వేసింది. చెల్లసామి చేయెత్తాడు. ఆమె అక్కడే ఆగిపోయింది. కాళీశ్వరి వెనుదిరిగే అడుగుల చప్పుడు కోసం చెవి ఒగ్గింది. చూరు నీళ్లు కారే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. చాలాసేపటికి సందులోంచి చూస్తే గడప బయట ఎవరూ లేరు.

ఆడవాళ్లు తర్వాత తినే ఇల్లది. ఆ పూట మాత్రం చెల్లసామి ముగ్గురినీ కలిసి కూర్చోమన్నాడు. పొద్దున వండిన సంగటి కంచాల్లో గట్టిపడిపోయి ఉంది.

కాళీశ్వరి కంచం ముట్టలేదు. "మామా, నన్ను కారియాపట్టికి మా అమ్మ దగ్గరికి పంపేయండి. చచ్చినామెకు ఈ చేత్తోనే నిప్పిచ్చినాను. నా కడుపులో ఉండేదానికి ఏమైనా అయితే నేను బతకను. ఈ ఇంట్లో పొయ్యి దగ్గరికి ఇంక పోలేను."

అళగమ్మాళ్ భర్త వైపు చూసింది. "వద్దయ్యా. ఊరోళ్లు..." అని ఆగిపోయింది.

"ఊరోళ్లా వచ్చి నీ మోకాళ్లు ఎట్లున్నాయని అడిగినారు?" అన్నాడు చెల్లసామి.

అతను తన కంచాన్ని పక్కకు జరిపాడు. కోడలి వైపు చూడకుండా, పెరటి తలుపునే చూస్తూ చెప్పాడు.

"నువ్వెక్కడికీ పోవద్దమ్మా. రేపు ఆమె వస్తే లోపలికి పిలిచి కూడు పెట్టు. ఆరేండ్ల కింద మిల్లు కూలోణ్ణి కట్టుకొని పోయినాదని, బతికుండే బిడ్డకు కర్మం చేసి తలకు పోసుకున్నోణ్ణి నేనే."