మొదటి కేసు

“ఎక్కడ చదివిండ్రు మేడం? పిల్లల దమ్ము కేసులు చాన చూసిండ్రా?”

బోధన్‌ల బీడీ కార్ఖానా నడిపే సురేందర్ సేట్ అడిగిండు. నేను నా దవాఖానల ఆయన మనవరాలు రుచిత మూతికి మందు మాస్కు పట్టుకొని ఉన్న.

“మొదటి కేసు మీ కార్ఖానాలనే చూసిన సేట్. మా అమ్మీ గౌహర్ బీడీలు అప్పజెప్ప వచ్చింది. ఒళ్లె మా తమ్ముడు అసద్, దమ్ముతోని ఊపిరందక ఎగపోస్తుండె. ముందుగాల మావి చూడుండ్రి, దవాఖానకు పోవాలె అని బతిమాలింది. లైన్ల కూసో అన్నరు మీరు. మా వంతు వచ్చేసరికి వాడు లేడు.”

ఆయన నా మొఖం గుర్తువట్ట చూసిండు.

“నాకు యాదికి లేదు మేడం.”

ఇరవై ఆరేండ్ల సంది దాచుకున్న పగ నాది. ఆయనకు యాది కూడా లేదు.

మాస్కు తీసిన. రుచిత తేలిగ్గ ఊపిరి పీల్చుకొని, “తాతా” అని చేతులు చాపింది. ఆయన వంగిండు. నేను అడ్డం నిలవడ్డ.

“ఎత్తుకోవద్దు. మీ బట్టలకున్న తంబాకు దుమ్ముకే పాపకు దమ్ము లేస్తుంది. కార్ఖానాకు పోయినన్ని దినాలు దూరముండాలె.”

చెప్పింది వైద్యమే. కానీ చెప్తుంటే నోరు తియ్యగయింది.

“గట్లయితే ఇంక ఎప్పుడు ఎత్తుకోవాలె మేడం?”

“బయట లైన్ల కూసోండ్రి సేట్. మీ వంతు వచ్చినంక చెప్త.”