ముఖాల్లేని క్యూ

ముప్పై ఆరు ఫొటోలు. ఒక్కదాన్లోనూ ముఖం లేదు.

మేజర్ చిహోత్స్కీ వాటిని బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు. తెల్లటి మంచు మీద నల్లటి చారలు. పైనుంచి కిందికి జారిపోయిన బూడిదరంగు గీతలు. ఈదురుగాలికి బర్చ్ చెట్లు ఊగుతున్నట్టున్నాయి.

"ఇవేంటి?" అన్నాడు.

"మనుషులు," అంది బోగ్న.

"మా అత్తకి రెండు కళ్లకీ శుక్లాలు. ఆవిడ తీసినా ఇంతకంటే బాగా వస్తాయి."

"అయితే కెమెరా ఆవిడకే ఇవ్వండి."

మేజర్ నవ్వలేదు.

మంగళవారం సాయంత్రం, వీధి దీపాలు వెలిగే వేళ, బట్టల మిల్లు ఆడవాళ్లు నలభై మంది కమ్యూనిస్టు పార్టీ ఆఫీసు మూసిన తలుపు ముందు వరసగా నిలబడ్డారు. చేతుల్లో ఖాళీ వల సంచులు. నినాదాల్లేవు, ప్లకార్డుల్లేవు. మిల్లులోంచి పోలీసులు పట్టుకుపోయిన ఇద్దరు తోటి పనివాళ్లని వదిలేదాకా వారం వారం ఇలాగే నిలబడాలని వాళ్ల పంతం.

ఆ ఏడాది పోలండ్‌లో సరుకులకి ఎంత కరువంటే, క్యూ కనబడితే జనం మొదట నిలబడి, తర్వాత ఎందుకని అడిగేవాళ్లు. గంట తిరిగేసరికి నలభై కాస్తా రెండొందలైంది. పంది మాంసం వచ్చిందని కొందరు, బూట్లు వచ్చాయని కొందరు. ఒక ముసలాయన వెనకనుంచి మెడ చాచి, "మనిషికి ఎంతిస్తున్నారమ్మా?" అని అడిగాడు. "ఇంకా ఏమీ ఇవ్వలేదు తాతా, నిలబడు," అంది ముందున్నావిడ. ఆయన నిలబడ్డాడు.

ఎదురుగా మందుల షాపు మెట్ల మీద నిలబడి బోగ్న ఫొటోలు తీసింది.

"రెండొందల్లోంచి ఆ నలభై మందినీ ఏరాలి," అన్నాడు మేజర్. "పంతానికి వచ్చిందెవరో, బూట్లకి వచ్చిందెవరో నాకు తేలాలి. నువ్వు మొదట్నుంచీ అక్కడే ఉన్నావు. పేర్లు చెప్పు."

"క్యూలో వీపులే కనిపిస్తాయి, మేజర్ గారూ."

"వెటకారం వద్దు."

పేర్లు దొరికితే సాయంత్రానికి ఆ నలభై మందికీ ఉద్యోగాలుండవు. కొందరు ఇంటికి కూడా చేరరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మేజర్ సొరుగులోంచి ఇంకో కవరు తీశాడు. అందులోవీ బోగ్న తీసిన ఫొటోలే. మసక వెలుతురులో తీసినా కోటు బొత్తాలు లెక్కపెట్టొచ్చు. ఒకదాన్లో, ట్రామ్ స్టాపు దగ్గర ఒక గడ్డపాయన పక్కాయనకి మడిచిన కాగితం అందిస్తున్నాడు. అది తీసిన రోజు బోగ్న పొంగిపోయింది. ఆ ఫొటో ఈ బల్ల మీదకి వచ్చిన మర్నాటి నుంచి గడ్డపాయన ఆ స్టాపులో కనిపించలేదు.

"ఇది తీసిన చెయ్యే అవీ తీసిందంటే నేను నమ్మాలా?"

"నాకు రెండు చేతులున్నాయి."

మేజర్ తలుపు వైపు కేకేశాడు. ఊరి ఫొటో క్లబ్ పెద్ద సెవెరిన్‌ని లోపలికి తెచ్చారు. డెబ్బై ఏళ్ల మనిషి. టోపీ చేతిలో నలుపుకుంటున్నాడు. పదహారేళ్లప్పుడు బోగ్నకి కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే.

"మాస్టారూ, చూసి చెప్పండి. చెయ్యి వణికిందా, కావాలని ఊపిందా?"

సెవెరిన్ భూతద్దం తీసి ఒక్కో ఫొటో చూసుకుంటూ వెళ్లాడు. వీధి దీపం దగ్గర ఆయన బొటనవేలు ఆగింది. తర్వాతి ఫొటోలోనూ అక్కడే ఆగింది. మూడో దాన్లోనూ.

బోగ్న కూడా ఆ దీపాన్నే చూసింది. వణికే చెయ్యి ఒక్కోసారి ఒక్కోలా గీస్తుంది. ఇక్కడ ముప్పై ఆరింటిలోనూ దీపం ఒకే గీత గీసింది. అదే వంపు, అదే పొడవు. షట్టర్ అర సెకను తెరిచి ఉంచి, ఊపిరి బిగబట్టి, కెమెరాని కొడవలి విసిరినట్టు కిందికి దించితే పడే గీత. ఆ విద్యా ఆయన నేర్పిందే.

సెవెరిన్ భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"చలండీ. ఆ చలికి వేళ్లు కొయ్యబారిపోతాయి. మా క్లబ్బులో కొత్తవాళ్లు ఇలాంటివి బోలెడు పట్టుకొస్తారు. తిట్టి పంపిస్తుంటాను."

"ఖాయమేనా?"

"యాభై ఏళ్లుగా చూస్తున్నానండీ."

మేజర్ ఆయన్ని పంపేసి కుర్చీలో వెనక్కి వాలాడు. మేజర్‌కీ తేలికపడినట్టే ఉంది. టీ గ్లాసు బోగ్న వైపు జరిపాడు.

"సరే. చలికి వణకడం నేరం కాదు. వచ్చే మంగళవారం వాళ్లు మళ్లీ నిలబడతారు. నువ్వు మళ్లీ ఆ మెట్లెక్కు. ఈసారి కెమెరాకి స్టాండు వెయ్యి. మొహాలు తెచ్చివ్వు. ఇవాళ్టి సంగతి ఇద్దరం మర్చిపోదాం."

తల ఊపితే చాలు, ఇంటికి వెళ్లిపోవచ్చు.

బోగ్న టీ ముట్టుకోలేదు.

"మాస్టారికి కళ్లు ఆనట్లేదు. పెద్దాయన్నేం అనకండి. నేనే ఊపాను."

"ఏంటి?"

"కెమెరా. ముప్పై ఆరు సార్లు. ఒక్కో మొహాన్నీ చూసి మరీ చెరిపాను."

మేజర్ గొంతు తగ్గించాడు. "బోగ్నా, చలి అను. ఆ ఒక్క మాట చాలు. మిగతాది నేను రాసుకుంటాను."

"చలి వెయ్యలేదు. చెమట పట్టింది."

"అంటే, వాళ్లెవరో నీకు తెలుసు."

"సగం మంది మా వీధివాళ్లే. ఒక్క పేరు కూడా చెప్పను."

"నీ గతేమవుతుందో ఆలోచించావా?"

"ఆలోచించాను. మంగళవారం ఆ క్యూలో నేనూ ఉంటాను. అంతగా కావాలంటే మొదటి పేరు నాది రాసుకోండి."

బోగ్న లేచి, తొమ్మిదేళ్ల కిందట ఇదే గదిలో ఆయన తన చేతికిచ్చిన రహస్య పోలీసు ఫొటోగ్రాఫర్ గుర్తింపు కార్డుని కోటు జేబులోంచి తీసి, ఆయన ముందు పెట్టింది.