రెండు నిమిషాల ప్రార్థన

"బీరువా తాళం దాచి లాభం లేదండి అక్కగారూ. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది," అన్నాడు ఇశ్రాయేలు, చొక్కా జేబు తట్టి చూపిస్తూ.

లిడియా గుప్పిట్లో తాళంచెవి చెమటకి తడిసిపోయింది. ఇశ్రాయేలు ఆ చుట్టుపక్కల సగం ఇళ్ళవాళ్ళని గల్ఫుకి పంపిన ఏజెంటు, చర్చిలో ముందు వరసలో కూర్చునే సంఘపెద్ద. కానీ ఈసారి గల్ఫు కాదు. ఏళ్ళ తరబడి యుద్ధం సాగుతున్న దేశం. లిడియా కొడుకు జీవన్‌కి అక్కడ మిలిటరీ గోడౌన్లో సామాన్లు సర్దే పనట.

"మా సన్నీకీ గోడౌనే అన్నారు కదండీ," అంది మూల కుర్చీలోంచి చిన్నతల్లి. ఆవిడ లిడియా చెల్లెలు, సన్నీ తల్లి. "తుపాకీ ఇచ్చి గోతిలోకి దింపేరని ఫోన్లో ఏడిచేడండి. జీవన్‌ని రానివ్వొద్దన్నాడు. ఆ తర్వాత ఫోనే లేదు."

"సిగ్నల్ ఉండదమ్మా. అక్కడంతా మంచు."

లిడియా కొడుకు వైపు తిరిగింది. "నాన్నా, వెళ్ళనని ఒక్క మాట చెప్పరా."

జీవన్ బూట్ల తాళ్ళ మీంచి తలెత్తలేదు. "వెళ్తున్నానని అందరికీ చెప్పేసేనమ్మా. ఇప్పుడు మానేస్తే పిరికోడంటారు. ఇంక ఊరుకో."

బయట డ్రైవర్ పోలిరాజు హారన్ కొట్టాడు. వీసాకి ఇవాళే ఆఖరనీ, రాజమండ్రిలో ఈ విమానం తప్పితే ఇంక ఛాన్సు లేదనీ ఇశ్రాయేలు హడావిడి పెట్టాడు. లిడియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆవిడని తోసుకుని వెళ్ళలేక ఆయన గొంతు తగ్గించాడు.

"భయపడకండి. అలవాటు ప్రకారం తల మీద చెయ్యి పెట్టి రెండు నిమిషాలు ప్రార్థన చేసి పంపించండి. దేవుడు చూసుకుంటాడు."

ఆ వీధిలో పైదేశం వెళ్ళే ఎవరైనా తల్లి ప్రార్థన చేయకుండా గడప దాటరు. జీవన్ మోకరించాడు. సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్ళు తల మీద కొంగు కప్పుకున్నారు. ఇశ్రాయేలు కళ్ళు మూసుకున్నాడు.

లిడియా కొడుకు తల మీద చెయ్యి పెట్టింది. తల వేడిగా ఉంది. కోపం కాబోలు అనుకుంది. ప్రయాణం గురించీ, ఆరోగ్యం గురించీ అడగాల్సినవన్నీ అడిగేసింది. ఇంక ఆమేన్ అనాలి. అంటే బిడ్డ లేచిపోతాడు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

భయంతో సన్నీ కోసం మొదలుపెట్టింది. సన్నీతో గోతిలో ఉన్న పిల్లల కోసం అడిగింది. వాళ్ళ మీదకి తుపాకీ గురిపెట్టిన అవతలి పిల్లల కోసం, వాళ్ళ తల్లుల కోసం అడిగింది. ఏసీ గదుల్లో కూర్చుని ఈ యుద్ధాన్ని ఆపనివాళ్ళకి ఒక్క రాత్రయినా నిద్ర పట్టకుండా చెయ్యమంది. "స్తోత్రం," అన్నారు ఆడవాళ్ళు.

ఇశ్రాయేలు దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. లేవడానికి లేదు. ప్రార్థన మధ్యలో లేచిపోయేవాళ్ళని ఆదివారం మైకులో మందలించేది ఆయనే.

ఏకధాటిగా హారన్ మోగింది. పోలిరాజు విసురుగా గుమ్మం దాకా వచ్చి, మూసి ఉన్న ఆ కళ్ళన్నీ చూసి చెప్పులు విప్పేశాడు. "ఇప్పుడు బయల్దేరినా విమానం అందించేస్తానండి," అన్నాడు గుసగుసగా. ఎవరూ కళ్ళు తెరవలేదు.

లిడియా చేతి కింద జీవన్ తల అదురుతోంది. కొడుకు తనని జన్మలో క్షమించడనిపించింది. అయినా ఆపలేదు. కువైట్‌లో ఉన్న ఆడపడుచు కోసం, ఓడలరేవులో చేపల వేటకి వెళ్ళినవాళ్ళ కోసం, పోలిరాజు కారు టైర్ల కోసం కూడా ప్రార్థించింది. గొంతు ఎండిపోయింది. ఒక మాట బొంగురుగా వచ్చింది. తర్వాతది గాలిలాగే వచ్చింది. ఆ తర్వాత అదీ రాలేదు.

ఇశ్రాయేలు కుర్చీ కిర్రుమంది. ఆమేన్ తనే అనేయడానికి ఆయన గొంతు సవరించుకున్నాడు.

లిడియా చేతి కింద తల కదిలింది. లేస్తున్నాడు.

"ప్రభువా," అన్నాడు జీవన్ వణికే గొంతుతో, లేవకుండానే, "ఇప్పుడు మా ఊళ్ళోవాళ్ళందరి కోసం ప్రార్థిస్తున్నానయ్యా. రేవు దగ్గర మొదటి ఇంటి నుంచీ ఒక్కొక్కరి పేరే చెప్తానయ్యా..."