జత కుదరని చేపలు

"ఆ నీలం చేపా? వద్దు తల్లీ. చూడ్డానికి వేలెడంతే గానీ, తొట్టి మొత్తం నాదే అంటుంది. పక్కవాటిని తిననివ్వదు, పడుకోనివ్వదు."

సముద్రపు రంగుచేపల దుకాణం యజమాని ఆ పిల్లతల్లికి వద్దని చెప్పడం ఈ వారంలో ఇది అయిదో రోజు. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని వాచిన పాదాలు నొక్కుకుంటున్న అతని భార్యకి ఒళ్లు మండింది. పొద్దుటి నుంచి పదహారు తొట్ల నీళ్లు మార్చింది. ఉప్పునీళ్లకి పగిలిన వేళ్లు చురచురలాడుతున్నాయి. ఇంత చాకిరీ చేసి పెంచిన చేపల్ని ఎవరైనా కొంటానంటే, ఈయనగారు అడ్డం పడతాడు.

"పోనీ ఆ పసుపుది, బాబాయ్?" అంది పిల్లతల్లి. పాతికేళ్లు కూడా ఉండవు. కళ్ల కింద నలుపు, చంకలో మూడేళ్ల పాప, చేతిలో అన్నం డబ్బా.

"అది ఎదిగితే జానెడవుతుంది. నీది రెండడుగుల తొట్టన్నావుగా, అందులో తిరిగేదెక్కడ?"

"మరి ఈ కోరల్?" రాయికి అతుక్కుని వేళ్లలా ఊగుతున్న పగడపు జీవిని చూపించింది.

"అమ్మో, దాని పక్కన ఇంకో కోరల్ బతకదు. కొసలు సాచి కుట్టి చంపుతుంది."

ఆమె బుద్ధిగా తలూపుతూ పాప నోట్లో ఓ ముద్ద పెట్టింది. పాప ఎదురు తొట్టిలో తెల్లచారల చేపల్ని కళ్లార్పకుండా చూస్తూ మింగేసింది.

యజమాని భార్య ఉండబట్టలేక లేచి వచ్చింది. "తొట్టి పెట్టి ఎన్నాళ్లయిందమ్మా?"

"నెలైంది పిన్నిగారూ. నీళ్లు, ఇసుక, రాళ్లు, అన్నీ ఉన్నాయి. చేపలే తరువాయి."

"ఉప్పు సరిగ్గా వేస్తున్నావా?"

"రోజూ రుచి చూసే వేస్తున్నానండి."

"బాగుంది! అదేమన్నా కూరా? దానికి కొలిచే సాధనం ఉంటుంది."

పిల్లతల్లి ముఖం కందిపోయింది. యజమాని గట్టిగా దగ్గి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"నాకివన్నీ కొత్త పిన్నిగారూ," అందామె గొంతు తగ్గించి. "ఇంట్లో ఇది నోరు తెరవదు. పాడాను, ఆడాను, కాళ్లు పట్టుకున్నాను. నెలాఖరుకి అరకిలో పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చుకుని, ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు డాక్టరుగారు. అదే ఇంట్లో చేపలుంటే, వాటి ముందు కూర్చోబెట్టి..."

యజమాని భార్య చూపు పాప మణికట్టు మీద పడింది. పుల్లలా ఉంది.

ఇంతలో యజమాని ఏదో పనిమీద వెనక గదిలోకి వెళ్లాడు. అదే అదననుకుందామె.

"ఇలా రా అమ్మాయ్. ఆయన్ని నమ్ముకుంటే నీ కూతురి పెళ్లినాటికి గానీ చేపలు ఇల్లు చేరవు. నేను చెప్తా విను. ఈ తెల్లచారలవి రెండు. ఇసుక మీద పడుకునే ఈ సోమరిది ఒకటి. పుట్టగొడుగులా ఉన్న ఈ కోరల్ ఒకటి. ఒకదాని జోలికి ఇంకోటి పోదు. చిన్న తొట్టికి ఇంతకన్నా కుదిరే జత లేదు. కట్టేయనా?"

"ఇప్పుడేనా?"

"ఇంకెప్పుడు? గొట్టం వేశాకా?"

పిల్లతల్లి డబ్బాలోకి చూసింది. ఇంకా సగం ఉంది. పెదవి కొరుక్కుంది. యజమాని భార్య వల తీసి తొట్టిలో ముంచనే ముంచింది.

"ఆగు! ఆ జత కుదరదు." గుమ్మంలో యజమాని.

"ఎందుకు కుదరదట?"

"ఆ చేపలు కోరల్ మీద పడి పొర్లుతాయి. అది ముడుచుకుపోతుంది."

"ఏడాది నుంచి మన తొట్టిలో కలిసే ఉన్నాయి కదండీ!"

"మనది పెద్ద తొట్టి," అన్నాడతను భార్య వైపు చూడకుండా. తన కుర్చీ లాక్కొచ్చి అద్దం ముందు వేశాడు. "రేపు కొత్తవి వస్తాయి తల్లీ. ఇదే వేళకి రా, చూద్దాం. ముందు కూర్చుని ఆ నాలుగు ముద్దలూ కానియ్."

పిల్లతల్లి భుజాలు కిందికి జారాయి. పాపం, ఎంత ఆశ పెట్టుకుందో అనుకుంది యజమాని భార్య.

తల్లీపిల్లా అటు వెళ్లారో లేదో ఇటు ఆమె విరుచుకుపడింది.

"కొననివాళ్లు లోపల నిలబడొద్దని నేను బోర్డు పెడితే, మీరు కొంటానన్నవాళ్లని తిప్పి పంపుతారా? అసలు మీకు మనసుందా? ఆ చేపలేవో ఇచ్చేస్తే ఆ పసిది ఇంట్లోనే తినేది. రేపు దాని ముక్కులో గొట్టం పెడితే ఆ పాపం ఎవరిదండీ?"

అతను వల జాడించి మేకుకి తగిలించాడు.

"ఇవాళ డబ్బా ఖాళీ చేసింది, చూశావా?"

"మాట మార్చకండి!"

"ఆ అమ్మాయి ఇంట్లో తొట్టి లేదే."