చెయ్యెత్తిన పోలీసు

“ఒరేయ్, ఆపరా! నీ కండ్లు కాకులు పొడవ!”

ఎస్తేరు తిట్టు లారీ లేపిన దుమ్ములోనే కలిసిపోయింది. నాపరాళ్లు వేసుకొని నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు పోతున్న లారీ అది. ఎస్తేరు చేయి పట్టుకొని రోడ్డు దాటుతున్న రెండో తరగతి పిల్ల పలక జారి, చక్రం కింద పడి పిండయింది. పిల్ల ఇంకో అడుగు ముందుకు వేసి ఉంటే?

ఊరు రోడ్డుకు ఒక పక్క, బడి ఇంకో పక్క. పిల్లలను దాటించడం బడి ఆయా ఎస్తేరు పని. ‘బడి ఉన్నది, నెమ్మదిగా పోవలెను’ అని బోర్డయితే ఉంది గానీ, ఏ డ్రైవరూ దాన్ని చదివిన పాపాన పోలేదు. పిల్లలను బడిలో దింపి, ఆమె ఆ కోపంతోనే పోలీసు స్టేషనుకు నడిచింది.

“బోర్డు పెట్టించినాం గదమ్మా?” అన్నాడు ఎస్సై, పేపరులోంచి తల ఎత్తకుండా.

“బోర్డుకు చేతులుండాయా సార్, లారీని ఆపేకి? ఒక పోలీసును నిలబెట్టండి. బడి పెట్టేటప్పుడు, ఇడిసేటప్పుడు ఉంటే చాలు.”

“ఉండేదే నలుగురు. వాళ్లను కోర్టుకు పంపాల్నా, జాతరకు పంపాల్నా, నీ బడికాడ నిలబెట్టాల్నా? అంత కావాలంటే రాతితో చేయించుకో, పో!”

పక్కనున్న కానిస్టేబులు కిసుక్కున నవ్వాడు. ఎస్తేరుకు ఒళ్లు మండిపోయింది. బిడ్డ పోతే పంచనామాకు మాత్రం నలుగురూ పరిగెత్తుకొస్తారు గదా అనుకుంది. ఇంటికి కూడా పోకుండా ఆళ్లగడ్డ బస్సెక్కి, విగ్రహాలు చెక్కే బయ్యన్న ముందర నిలబడింది.

“పోలీసు బొమ్మనా?” బయ్యన్న ఉలి కింద పెట్టాడు. “ఎస్సై ఎగతాళికి అంటే నువ్వు నిజంగానే వస్తివేందక్కా?”

“మనిషిని ఇయ్యకపోతే రాయినన్నా నిలబెడతా. చేస్తావా, చెయ్యవా?”

బయ్యన్న లేచి, మూలన పడి ఉన్న నిలువెత్తు ద్వారపాలకుణ్ణి చూపించాడు.

“యాగంటి పక్క ఒక గుడికి చేసినా. బండిలో తీసకపోతాంటే లారీ హారనుకు ఎద్దులు బెదిరె, బండి గుంతలో పడె, గద ఇరిగె. భిన్నమైన బొమ్మ గుళ్లోకి పనికిరాదు. నాకూ ఆ లారీలోళ్ల మీద కసి ఉందక్కా. ఊరికే ఇస్తా, తీసకపో.”

కిరీటం చెక్కేస్తే టోపీ అయింది. విరిగిన గద లాఠీ అయింది. హెచ్చరిస్తూ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. మీసాలకూ పొట్టకూ ఉలి తగిలించే పనే పడలేదు. ఖాకీ రంగు పూసేసరికి చెక్కిన బయ్యన్నే ఒక్క క్షణం జడుసుకున్నాడు.

సోమవారం పొద్దున, బడికి కొంచెం ఎడంగా నంద్యాల వైపున, బడి ఉన్న పక్కనే రోడ్డు అంచున రాతి పోలీసు డ్యూటీ ఎక్కాడు. ఎస్తేరు పిల్లలతో ఊరి పక్కన నిలబడి గుండె చిక్కబట్టుకొని చూస్తోంది. నాపరాళ్ల లారీ ఒకటి రొదపెడుతూ వచ్చింది. పోలీసును చూసింది. బుస్సుమని బ్రేకు పడి, నత్తలాగా పాకడం మొదలుపెట్టింది. అవతలి తలుపులోంచి క్లీనరు నడుము దాకా బయటికి వంగాడు.

“చూడండ్రా, దండం పెడతాండాడు!” ఎస్తేరు పొంగిపోయింది. “భయముండాల్ల, భయం!”

దాని వెనకాల వచ్చిన లారీ కూడా అంతే. ఆ సందులో పిల్లలు పెళ్లివారిలాగా దర్జాగా రోడ్డు దాటారు. సైకిలు మీద బొరుగులమ్మే ఖాజా పీర్ దిగి మరీ చెప్పాడు. “ఎస్తేరక్కా, ఈ రోడ్డున భయంలేకుండ తొక్కింది ఈ పొద్దే!”

సాయంత్రం బడి విడిచారు. ఎస్తేరు పిల్లలను వెంటబెట్టుకొని ధీమాగా తారురోడ్డు మీద కాలు పెట్టింది. ఆళ్లగడ్డ వైపు నుంచి పొద్దున్నటి లారీయే, సరుకు దింపేసి, ఖాళీగా ఎగురుకుంటూ వస్తోంది. ఎదురుగా పోలీసున్నాడు గదా, ఆగుతుందిలే అనుకుంది.

ఆగలేదు. అందిన పిల్లనల్లా రెక్క పట్టి వెనక్కి లాగింది ఎస్తేరు. రోడ్డు వారన పోతున్న ఖాజా పీర్ సైకిలుతో సహా గుంతలో పడ్డాడు. చక్రం వంకర తిరిగింది, మోచెయ్యి చెక్కుకుపోయింది, రోడ్డంతా బొరుగులు.

ముందర గొర్రెల మంద అడ్డం రాబట్టి లారీ నిలబడింది, సరిగ్గా రాతి పోలీసుకు ఇవతల. ఎస్తేరు పరుగెత్తి తలుపు పట్టుకుంది.

“దిగరా కిందికి! పసిబిడ్డలు కనపడలేదా? సైకిలాయప్ప కనపడలేదా? అంత పొడుగు పోలీసు చెయ్యెత్తి నిలబడింటే ఆపకుండ వస్తావా? పొద్దున మాత్రం ఒద్దికగా మెల్లగా పోయినావే!”

డ్రైవరు ఆమెను వింతగా చూశాడు.

“పొద్దున మెల్లగా పోయింది మామూలు ఏసేకి గదమ్మా! మా క్లీనరు ఆయప్ప కాళ్లకాడ ఏసినాడు. పోయేటప్పుడు ఇచ్చినాంక, వచ్చేటప్పుడు గూడ ఆపాల్నా?”

గొర్రెలు దాటిపోయాయి. డ్రైవరు గేరు వేసి, రాతి పోలీసుకు నిండు మనసుతో సెల్యూట్ కొట్టాడు.

“నా సర్వీసులో ఎంతమంది పోలీసోళ్లను చూసినా గానీ, ఇంకొంచెం ఇయ్యమని అడగనోణ్ణి ఈయప్పనొక్కణ్ణే చూసినా!”